ఐదుగురు పేషెంట్లు, ఒక్కటే బెడ్డు

ప్రశ్న

కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక అధ్యాపకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. సోషల్ వర్క్ విభాగంలో అకడమిక్ కన్సల్టెంట్‌గా పనిచేస్తున్నారు. ఏటా రెన్యువల్ అయితేనే ఉద్యోగం ఉన్నట్టు. ఈ సెమిస్టర్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. ఫైనలియర్ పిల్లలకు ‘ప్రజారోగ్య అత్యవసర పరిస్థితులు, సంక్షోభ నిర్వహణ’ అనే ఎలెక్టివ్ పేపర్ ఆమెకు అప్పగించారు. కొత్త పేపర్ కాబట్టి ముందు చెప్పినవాళ్ల నోట్సు కూడా లేదు.

స్లైడ్లు చూపిస్తుంటే పిల్లలు కునుకు తీస్తున్నారని ఒకరోజు క్లాసులో ఎక్సర్‌సైజ్ పెట్టారు. ఒక ఆసుపత్రి, ఖాళీగా ఉన్నది ఒక్కటే ఆక్సిజన్ బెడ్డు, గేటు దగ్గర ఐదుగురు పేషెంట్లు. ఒక్కొక్కరి వివరాలు ఒక్కో అట్టముక్క మీద రాసి గ్రూపులకు పంచి, బెడ్డు ఎవరికివ్వాలో పది నిమిషాల్లో తేల్చమన్నారు. మూడో కార్డు మీద ఇలా ఉంది: “56 ఏళ్లు, లారీ డ్రైవర్, షుగర్ ఉంది, ఆక్సిజన్ 74.” ఒక గ్రూపులో అందరికంటే ముందు ఆ కార్డునే పక్కకు తీసి బల్ల మీద బోర్లా పెట్టారు. “ఈయన ఎలాగూ బతకడు, వదిలెయ్యండి” అంది ఒకమ్మాయి. అదే గ్రూపులో కూర్చున్న అబ్బాయి ఒక్కమాట మాట్లాడకుండా బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

అతని సంగతి తర్వాత స్నేహితులు చెప్పారు. 2021 మే నెలలో వాళ్ల నాన్నను ఆటోలో ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. ఎక్కడికెళ్లినా బెడ్లు లేవన్నారు. చివరి ఆసుపత్రి గేటు దగ్గరే ఆయన ప్రాణం పోయింది. అప్పుడు ఈ అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ రోజు నుంచి మిగతా క్లాసులకు వస్తున్నాడు గానీ ఈమె క్లాసుకు రావడం లేదు. హాజరు తగ్గిపోతోంది. విషయం తెలిసిన విభాగాధిపతి (హెచ్‌ఓడీ), “లోకల్ సంగతులు, ప్రభుత్వం మాట ఎందుకమ్మా? సిలబస్‌లో సంక్షోభ నిర్వహణకు నాలుగు దశలున్నాయి, అవి చెప్పి వదిలెయ్యండి” అన్నారట. క్లాసులో కొందరు మాత్రం, “మేడమ్, మేం నేర్చుకోవాల్సింది ఇదే, ఆపొద్దు” అంటున్నారట. ఇంట్లో భర్త, “నీకెందుకీ తలనొప్పి, వేరే పేపర్ అడుగు” అంటున్నారు.

ఆమె అడిగినవి మూడు: ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పనా? ఇలాంటి ఎక్సర్‌సైజులు మానేసి నోట్సు చెప్పుకోనా? అసలు డాక్టర్ని కాని నాకు ఈ పేపర్ చెప్పే అర్హత ఉందా, వదిలేయనా?

సమాధానం

అమ్మా,

గడువున్నది ఆ అబ్బాయి విషయానికి, కాబట్టి ముందు అదే మాట్లాడుకుందాం.

ఇంటికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. మీ మనసు నాకు అర్థమైంది. కానీ యూనివర్సిటీ మేడమ్ ఇంటికొచ్చారంటే, కొడుకు ఏదో తప్పు చేశాడనే ఆ తల్లి ముందు కంగారుపడుతుంది. తర్వాత మీరు వచ్చిన కారణం చెబితే, భర్త పోయిన రోజంతా మీ ముందు మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. క్లాసులోంచి లేచి వెళ్లిన సంగతి ఆ అబ్బాయి ఇంట్లో చెప్పి ఉండకపోవచ్చు కూడా. మీ గుండె బరువు దిగుతుందేమో గానీ వాళ్లింట్లో బరువు పెరుగుతుంది.

ఇంకో సంగతి. వాళ్ల నాన్నగారి విషయం మీకు స్నేహితుల ద్వారా తెలిసింది, అతను చెప్పలేదు. మీకు తెలిసినట్టు అతనికి తెలియకపోవచ్చు. అందుకని కలిసినప్పుడు “మీ నాన్నగారి గురించి విన్నాను” అని మొదలుపెట్టకండి. డిపార్ట్‌మెంటులో జనం లేని వేళ చూసి, మీ వైపునున్నదే చెప్పండి: “ఆ రోజు ఎక్సర్‌సైజ్ ముందుగా చెప్పకుండా పెట్టాను. నువ్వు లేచి వెళ్లడంలో తప్పేం లేదు. పేపర్ ఎలా పూర్తి చేద్దామో మాట్లాడుకుందామా?” అంతే. నాన్న మాట ఎత్తాలా వద్దా అన్నది అతని ఇష్టం. ఎత్తితే వినండి. ఎత్తకపోతే పేపర్ గురించే మాట్లాడి పంపించండి. క్లాసు వాట్సాప్ గ్రూపులోనో, స్నేహితుడి చేతనో కబురు పెట్టడం కంటే మీరే ఫోన్ చేసి పిలవడం మంచిది.

పేపర్ పూర్తి చేసే దారులు అతని ముందు పెట్టండి, ఎంపిక అతనికే వదలండి. తిరిగి క్లాసుకు వస్తానంటే, వచ్చే వారం ఏం చెప్పబోతున్నారో ముందే తెలియాలి, మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే ఎవరినీ అడక్కుండా వెళ్లగలగాలి. రాలేనంటే, చర్చ జరిగే రోజులకు బదులుగా ఫీల్డ్ రిపోర్టు రాసి ఇవ్వచ్చు. ఇందులో ఒక చిక్కుంది: అతనొక్కడికే ఈ వెసులుబాటు ఇస్తే అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి. కాబట్టి ఫీల్డ్ రిపోర్టు అవకాశం క్లాసు మొత్తానికీ ప్రకటించండి. ఎలెక్టివ్ మార్చుకునే గడువు ఇంకా ఉంటే అదీ ఒక దారే, కానీ ఆ మాట మీ నోటి నుంచి ముందుగా రాకూడదు. “నిన్ను పంపించేస్తున్నాం” అన్నట్టు వినిపిస్తుంది. 75 శాతం హాజరు నిబంధనకు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కచూసి, కండొనేషన్ (తగ్గిన హాజరును మన్నించే అనుమతి) అవసరమైతే ఆఫీసులో మీరే కనుక్కుని చెప్పండి. దుఃఖంలో ఉన్న మనిషి క్లర్కు కిటికీ దగ్గర నిలబడి కారణాలు చెప్పుకోలేడు.

రేపో మాపో మీకు, అతన్నే క్లాసులో మాట్లాడిస్తే అందరికీ కళ్లు తెరుచుకుంటాయన్న ఆలోచన రావచ్చు, లేదా ఎవరైనా సలహా ఇవ్వచ్చు. వద్దమ్మా. అతను చదువుకోవడానికి వచ్చాడు, సాక్ష్యం చెప్పడానికి కాదు. తనంతట తాను మాట్లాడతానంటే అప్పుడు కూడా వెంటనే సరేననకుండా, ఏం చెబుతాడో, ఎక్కడ ఆపుతాడో ముందు మీతో మాట్లాడుకోనివ్వండి. నిద్ర పట్టడం లేదనో, అవే దృశ్యాలు కళ్ల ముందు ఆడుతున్నాయనో అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇవ్వండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మీరు కౌన్సెలర్ అవ్వక్కర్లేదు.

“వదిలెయ్యండి” అన్న అమ్మాయిని కూడా ఒకసారి పలకరించండి. ఇప్పటికి ఆమెకూ విషయం తెలిసే ఉంటుంది. ఆ మాట ఆమె చేత అనిపించింది కార్డు. పది నిమిషాల్లో ఐదుగురిలో నలుగుర్ని తీసెయ్యమంటే ఎవరైనా అలాగే మాట్లాడతారు.

ఇక ఎక్సర్‌సైజ్ సంగతి. మానేయాలా అని అడిగారు. మానేయమని నేను అనను, కానీ ఆ రూపంలో, ఆ చోట మాత్రం వద్దు. నా అభ్యంతరం అది బాధపెడుతుందని మాత్రమే కాదు. ఆ ప్రశ్నే సగంలో మొదలైంది. “బెడ్డు ఒక్కటే ఉంది, ఎవరికిస్తారు?” అని అడిగిన క్షణంలో, బెడ్డు ఒక్కటే ఉండటం వానలూ ఎండల్లాగా ఎవరి చేతిలోనూ లేని విషయమైపోయింది. సంక్షోభ నిర్వహణ అనే పేపర్ ఉన్నదే ఆ ఒక్కటీ పదిగా ఎందుకు లేకపోయిందో నేర్పడానికి. ఆ అబ్బాయి మనసులో ఏముందో నాకు తెలియదు. కానీ తండ్రిని పోగొట్టుకున్న మనిషిని ‘ఎవరికివ్వాలి’ అన్న ప్రశ్న కంటే ‘ఎందుకు లేదు’ అన్న ప్రశ్నే ఎక్కువ వేధిస్తుంది. మీ క్లాసులో ఆ రెండో ప్రశ్నకు చోటు లేకపోయింది.

ఇంకా చూడండి. మీ పిల్లలు చదువుతున్నది సోషల్ వర్క్. రేపు బెడ్డు ఎవరికివ్వాలో నిర్ణయించే కుర్చీలో వాళ్లెవరూ కూర్చోరు. వాళ్లుండేది కంట్రోల్ రూమ్ ఫోన్ దగ్గర, ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో, తుపాను పునరావాస కేంద్రంలో, పోయినవాళ్ల ఇంటివాళ్లతో దరఖాస్తు నింపించే చోట. అక్కడ చేయాల్సిన పని నేర్పాలి కదా.

అదే ఆక్సిజన్‌ను తీసుకుని ఇంకోలా చెప్పచ్చు. లెక్కతో మొదలుపెట్టండి. పెద్ద సిలిండర్, డీ-టైప్ అంటారు, అందులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే ఒక పేషెంటుకు 12 గంటలు కూడా రాదు. 15 లీటర్లు పెడితే 8 గంటల లోపే అయిపోతుంది. ఇప్పుడు 100 బెడ్ల ఆసుపత్రిలో అందరికీ నిమిషానికి 10 లీటర్ల చొప్పున రోజుకెంత కావాలో బోర్డు మీద కట్టించండి. 14 లక్షల 40 వేల లీటర్లు. అంటే రోజుకు 200కు పైగా పెద్ద సిలిండర్లు. అవి నింపేదెక్కడ, తెచ్చే లారీ ఎవరిది, దింపే మనుషులెంతమంది, రాత్రి రెండింటికి ప్రెజర్ మీటర్ చూసేదెవరు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుకుతుంటే పిల్లలు నిద్రపోరు. ఎవరి నాన్ననూ బల్ల మీద బోర్లా పెట్టాల్సిన అవసరమూ రాదు.

తర్వాత కాలక్రమం. 2020 అక్టోబరులో కేంద్రం ఆసుపత్రుల్లోనే ఆక్సిజన్ తయారుచేసే పీఎస్ఏ ప్లాంట్లకు టెండర్లు పిలిచింది. నవంబరులో ఆరోగ్య శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆక్సిజన్ లభ్యత గురించి, సిలిండర్ల ధర గురించి తన నివేదికలో ప్రస్తావించింది. 162 ప్లాంట్లు మంజూరైతే, 2021 ఏప్రిల్ మూడో వారానికి నిలబడినవి 33. ఆ సంఖ్య కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. ఆ వారంలోనే మహారాష్ట్ర నుంచి ఖాళీ ట్యాంకర్లు రైలెక్కి విశాఖ ఉక్కు కర్మాగారానికి వచ్చాయి, ఏప్రిల్ 22న ద్రవ ఆక్సిజన్‌తో తిరుగు ప్రయాణమయ్యాయి. దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అదే. మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన ద్రవం మామూలు ట్యాంకర్‌లో పోస్తే నిలవదు. దానికి ప్రత్యేకమైన క్రయోజెనిక్ ట్యాంకర్లు కావాలి, అవి దేశంలో చాలినన్ని లేవు. నింపిన ట్యాంకర్లను విమానంలో తేవడం ప్రమాదం కాబట్టి, ఖాళీవాటిని విమానాల్లో తయారీ కేంద్రాలకు చేర్చి, నిండాక రోడ్డు మీదా రైళ్లలోనూ తెచ్చారు.

ఆక్సిజన్ ఒకచోట తయారవుతోంది, ఊపిరాడనివాళ్లు ఇంకోచోట ఉన్నారు, మధ్యలో ట్యాంకర్ లేదు. ఈ మాట ఆ అబ్బాయి వినగలడో లేదో నేను చెప్పలేను. ఇది విన్నాక అతనికి కోపం ఇంకా పెరగచ్చు. పెరిగినా సరే, ఆ కోపానికి ఒక దారి దొరుకుతుంది. ఏ నెలలో ఎవరు ఏం చేసి ఉంటే ఆ గేటు దగ్గర బెడ్డు ఉండేదో వెతికే చదువు అది. కార్డుల ఆట ఆ చదువు ఇవ్వదు.

అయితే ట్రయాజ్, అంటే ఉన్న కొద్దిపాటి వైద్యం ముందు ఎవరికందాలో తేల్చే పద్ధతి, అసలు చెప్పకూడదా? చెప్పాలి. “ఆపొద్దు” అంటున్న పిల్లల మాటలోనూ న్యాయముంది. కొరత నిజంగా వచ్చినప్పుడు ఎలా పంచుతారో తెలియకపోతే, పలుకుబడి ఉన్నవాడికి బెడ్డు దొరుకుతుంది, లేనివాడికి గేటు దొరుకుతుంది. కానీ అది చివరి పాఠం కావాలి, అడగాల్సిన ప్రశ్న కూడా మారాలి. ఎవర్ని ఎంచుకుంటారని అడగకండి. ప్రమాణాలు ముందే కాగితం మీద ఉన్నాయా? నిర్ణయించేది చికిత్స చేస్తున్న డాక్టర్ ఒక్కరేనా, వేరే కమిటీయా? బెడ్డు దొరకనివాళ్లకు ఇంకేం చేస్తారు, వాళ్ల ఇంటివాళ్లతో ఎవరు మాట్లాడతారు? ఇవి అడగండి. మీ ఎక్సర్‌సైజ్‌లో మిగిలిన నాలుగు కార్డులను ఏం చేయాలో ఎవరూ అడగలేదు. సోషల్ వర్కర్ పని సరిగ్గా ఆ నాలుగు కార్డుల దగ్గరే మొదలవుతుంది. వారం ముందే ప్రకటించి, రాలేనివాళ్లకు వేరే పని ఇచ్చి ఈ పాఠం చెప్పండి.

అక్కడికి చేరేలోపు దూరం నుంచి దగ్గరకు రండి. ఎవరి ఇంటికీ తగలని కాలంతో మొదలుపెట్టండి. పుణె, 1897. ప్లేగు వచ్చింది, డబ్ల్యూ. సి. ర్యాండ్ అనే బ్రిటిష్ అధికారి చేతికి అధికారం ఇచ్చారు, సైనికులు ఇళ్లలోకి జొరబడి సోదాలు చేశారు, అనుమానం వచ్చినవాళ్లను శిబిరాలకు తరలించారు. ఆడవాళ్లను వీధిలో పరీక్షించారన్న ఆగ్రహం ఊరంతా పాకింది. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను కాల్చారు. ఆ ఏడాదే వచ్చిన అంటువ్యాధుల చట్టం చేతబట్టుకునే 2020లోనూ మన రాష్ట్రాలు ఉత్తర్వులు ఇచ్చాయి. దీని పక్కన 2018లో కేరళలోని కోజికోడ్ పెట్టండి. నిపా వైరస్ వచ్చినప్పుడు రెండు వేలమందికి పైగా కాంటాక్టులను గుర్తించి, ఇళ్లలోనే ఉండమని అడిగి, వాళ్లకు సరుకులు చేర్చారు. రెండుచోట్లా జనాన్ని కదలకుండా ఉంచడమే లక్ష్యం. ఒకచోట తలుపులు విరగ్గొట్టాల్సి వచ్చింది, ఇంకోచోట జనమే తలుపు తీశారు. ఈ తేడా మీద మీ పిల్లలు రెండు క్లాసులు వాదించుకుంటారు.

ఆ తర్వాత ఏలూరు. మన మధ్యే జరిగిన ఈ సంఘటన సంక్షోభ నిర్వహణ నేర్పడానికి ఎంత పనికొస్తుందో మన విశ్వవిద్యాలయాలు ఇంకా గుర్తించలేదని నా అభిప్రాయం. 2020 డిసెంబరు 5, శనివారం. జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది, నోట్లో నురగ. పిల్లలు, పెద్దలు తేడా లేదు. జ్వరం లేదు. చాలామంది గంటల్లో తేరుకుంటున్నారు. వారంలో 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. దీన్ని కవర్లలో పెట్టి ఇవ్వండి. మొదటి కవర్‌లో ఈ లక్షణాలు మాత్రమే ఉంటాయి. రెండో కవర్: కొవిడ్ కాదు, తాగునీటిలో మొదటి పరీక్షలకు తేడా కనిపించలేదు. మూడోది: ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. నాలుగోది: పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండాలన్న నిపుణుల అభిప్రాయం. ఒక్కో కవర్ తెరిచాక పిల్లలు ఒకే పని చేయాలి: ఆ సాయంత్రం జిల్లా కలెక్టర్ జనానికి చెప్పాల్సిన ఐదు వాక్యాలు రాయడం. మొదటి కవర్‌కే “భయపడాల్సిందేమీ లేదు” అని రాసినవాళ్లు మూడో కవర్ తెరిచేసరికి తమ వాక్యాన్ని తామే కొట్టేసుకుంటారు. “ఇంతవరకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, రేపు సాయంత్రం మళ్లీ చెబుతాం” అని రాసినవాళ్లు కొట్టేయక్కర్లేదు. మీరు ప్రత్యేకంగా ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఉండదు. క్లాసులో ఏలూరు పిల్లలుంటే మాత్రం ముందు వాళ్లను పక్కకు పిలిచి అడగండి.

సిలబస్‌లో నాలుగో దశ, రికవరీ, అంటే విపత్తు తర్వాత కోలుకోవడం, పుస్తకాల్లో ఒకటిన్నర పేజీ ఉంటుంది. మీ విభాగానికి అసలైన పాఠం అదే. కొవిడ్ మృతుల కుటుంబాలకు పరిహారం ఇవ్వాల్సిందేనని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 50 వేల రూపాయలు నిర్ణయించింది, అక్టోబరులో కోర్టు ఆమోదించింది. పాజిటివ్ అని తేలిన 30 రోజుల్లోపు మరణిస్తే లెక్కలోకి తీసుకున్నారు. కాగితం మీద సులువుగానే ఉంది. కానీ టెస్టు చేయించకుండానే పోయినవాళ్లున్నారు, సీటీ స్కాన్ రిపోర్టు తప్ప ఇంకో కాగితం లేనివాళ్లున్నారు, మరణ కారణం దగ్గర ‘గుండెపోటు’ అని రాయించుకుని తెచ్చుకున్నవాళ్లున్నారు. అలాంటి వివాదాలు చూడటానికి జిల్లాస్థాయి కమిటీలు పెట్టారు. ఆ కమిటీ ముందుకు ఏ కాగితాలతో వెళ్లాలి, ఎవరు రాసిపెట్టాలి? ఒక దరఖాస్తు నమూనా తీసుకుని ఆసాంతం నింపించండి. ఏ గడి దగ్గర పిల్లల పెన్ను ఆగిపోతుందో చూడండి, ఆ గడి దగ్గరే ఆ కుటుంబాలూ ఆగిపోయాయి. ఆ అబ్బాయి ఫీల్డ్ రిపోర్టు రాస్తానంటే ఈ అంశం మాత్రం అతనికి మీరు కేటాయించకండి. తనే ఎంచుకుంటే అది వేరే సంగతి.

డాక్టర్ని కాను అన్నారు. ఈ పేపర్‌కు అది లోపం కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒడిశాలో, మన ఉత్తరాంధ్ర తీరంలో లక్షలమందిని ముందే ఖాళీ చేయించబట్టి మరణాలు పదుల్లోనే ఆగాయి. అదే ఒడిశా తీరంలో 1999 సూపర్ సైక్లోన్‌కు పోయినవారు దాదాపు 10 వేలమంది. ఆ తేడా తెచ్చినవాళ్లలో తహశీల్దార్లు, పంచాయతీ కార్యదర్శులు, బస్సు డ్రైవర్లు, తుపాను షెల్టర్ తాళంచెవి జేబులో ఉన్న మనిషి ఉన్నారు. వైద్యం తెలియాల్సిన చోట పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ను పిలవండి. అంతకంటే ముందు ఒక ఏఎన్‌ఎంను పిలవండి. జబ్బుల నిఘా వ్యవస్థలో ఎస్, పీ, ఎల్ అని మూడు ఫారాలున్నాయి: ఆరోగ్య కార్యకర్త లక్షణాలు చూసి నింపేది ఎస్, డాక్టర్ నింపేది పీ, ల్యాబ్ నింపేది ఎల్. ఏ అంటువ్యాధి కబురైనా ఊరి నుంచి పైకి వెళ్లే మొదటి మెట్టు ఆమె నింపే ఎస్ ఫారమే. ఒక వీధిలో ఈ వారం విరేచనాల కేసులు ఎన్నొస్తే ఆమెకు అనుమానం వస్తుందో అడగండి. ఆమె చెప్పే జవాబు మన పాఠ్యపుస్తకాల్లో దొరకదు. గెస్ట్ లెక్చర్‌కు ప్రొఫెసర్లకు ఇచ్చే రెమ్యూనరేషనే ఆమెకూ ఇప్పించండి.

పేపర్ వదిలేయమని మీవారు అంటున్నది మీ మీద ప్రేమతోనే. వదిలేస్తే మీకు ఈ సెమిస్టర్ హాయిగా గడుస్తుంది, నిజమే. తర్వాత వచ్చేవారు నాలుగు దశలు నోట్సు చెప్పి పరీక్ష పెడతారు. ఆ అబ్బాయి మాత్రం, తన వల్లే మేడమ్ వెళ్లిపోయారని అనుకుంటాడు. మీకు నిజంగా నిద్ర పట్టనంతగా ఉంటే వదిలేయడంలో అవమానం లేదు, కానీ సెమిస్టర్ మధ్యలో కాకుండా చివర్లో చేయండి.

హెచ్‌ఓడీ గారి విషయం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మీ రెన్యువల్ ఆయన రాసే మాట మీద ఉంది. ఆయన చెప్పినట్టే నోట్సుకు పరిమితమైతే ఉద్యోగానికి ఢోకా లేదు, కానీ పేపర్ చచ్చిపోతుంది. ఎదిరించి మీ ఇష్టప్రకారం చెబితే, ఏ తల్లిదండ్రులో ఫిర్యాదు చేసినరోజు మీ పక్కన ఎవరూ నిలబడరు. నేనైతే మూడో దారి పడతాను. సిలబస్‌లోని యూనిట్ల పేర్లు అలాగే ఉంచి, ఒక్కో యూనిట్ కింద ఏ సంఘటన, ఏ పత్రం ఆధారంగా చెబుతారో రెండు పేజీల కోర్స్ ప్లాన్ రాయండి. ప్రిపేర్డ్‌నెస్ కింద ఆక్సిజన్ లెక్క, రెస్పాన్స్ కింద పుణె, కోజికోడ్, ఏలూరు, రికవరీ కింద సుప్రీంకోర్టు తీర్పు. ఆధారాలన్నీ పార్లమెంటరీ కమిటీ నివేదిక, ఆరోగ్య శాఖ ప్రకటనలు, కోర్టు తీర్పులే ఉండేలా చూసుకోండి. ప్రభుత్వం తానే అచ్చువేసిన కాగితాన్ని క్లాసులో చదివించడం తప్పని ఎవరూ అనలేరు. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు చర్చలోకి వస్తే “ఏ పదవి, ఏ తేదీ, ఏ నిర్ణయం” అన్నచోటికి మళ్లించండి. చదువుకూ అదే మంచిది.

ఆయన అప్పటికీ వద్దంటే, ఏది వద్దంటున్నారో అడగండి. ఏలూరు ఒక్కటే ఆయనకు ఇబ్బందైతే దాన్ని ఇప్పటికి పక్కనపెట్టి మిగతావి నిలబెట్టుకోవచ్చు. దాని చోట 1994 సూరత్ ప్లేగు చెప్పండి. వదంతులకు లక్షలమంది ఊరొదిలి పారిపోయిన సంఘటన అది, కవర్ల పద్ధతి దానికీ సరిపోతుంది. అన్నీ వద్దంటే మాత్రం సిలబస్ ఖరారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో మీకు నమ్మకమున్న సీనియర్ ఒకరితో మాట్లాడాకే తర్వాతి అడుగు వేయండి. కోర్స్ ప్లాన్‌ను నోటిమాటగా కాకుండా కాగితం మీద ఇచ్చి, కింద తేదీ వేసి, ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అబ్బాయికి ఫోన్ మాత్రం ఆ కాగితం సంగతి తేలేదాకా ఆపకండి, ఈ వారంలోనే చేయండి.